చెరువు కట్ట కింద అణు విద్యుత్తు మాట

మా దగ్గరికి వచ్చే రోగులు రేడియేషన్ అనరు. "కరెంటు పెట్టించుకోవడానికి వచ్చాం" అంటారు. తిరుపతిలో క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చే యంత్రం మీద పని నాది. పద్దెనిమిదేళ్ళు దాటింది. చేరిన కొత్తలో అది కరెంటు కాదని ప్రతివాళ్ళకూ సరిదిద్దేదాన్ని. తరవాత మానేశాను. ఇప్పుడు నేనే "ఎన్ని కరెంట్లు రాశారు పెద్దాయనా?" అని అడుగుతాను. ఇరవై అయిదనో ముప్ఫై అనో చెబుతాడు. మాట కలిస్తే మనిషి యంత్రం కింద కదలకుండా పడుకుంటాడు. నాకు కావలసింది అదే.

ఆ కరెంటూ ఈ కరెంటూ ఒకటేనా అని మా ఊరు ఊరంతా నన్ను నిలదీసే రోజు వస్తుందని మాత్రం అనుకోలేదు.

మాది రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట కింద ఉన్న పల్లె. పోయిన సంక్రాంతికి వెళ్ళాను. కనుమ నాటి సాయంత్రం, పశువుల కొమ్ములకు రంగులు పూసి ఊరేగించి వచ్చాక, రామాలయం అరుగు మీద మగవాళ్ళంతా ఒక ఫోను చుట్టూ మూగారు. ఎవరో పంపిన సందేశం. మన ప్రాంతానికి చిన్న అణు విద్యుత్ కేంద్రం వస్తోంది, భూములు అమ్ముకోకండి, ధరలు పదింతలవుతాయి అని. ప్రభుత్వం ఏమీ ప్రకటించలేదు. పేపర్లో ముక్క రాలేదు. ఎక్కడా సర్వే రాయి పడలేదు. పంపినవాడెవడో కూడా తెలియదు. అయినా దీపాలు పెట్టే వేళకు ఊరు రెండుగా చీలింది.

మా చిన్నాయన రావాలనే పక్షం. ఆయనకున్న రెండున్నర ఎకరాల మామిడితోట మూడేళ్ళుగా గుజ్జు ఫ్యాక్టరీల ధరకు అమ్మలేక అమ్ముతున్నాడు. శ్రీసిటీలో పనిచేసే మా తమ్ముడు కూడా ఆ పక్షమే, కారణాలు వేరు. వద్దనే పక్షానికి పెద్ద మా మేనత్త. కోడలికి అయిదో నెల. బడిపంతులుగా రిటైరైన పెద్దాయన ఒకరు ఆమెకు తోడు. ఆయన చెర్నోబిల్ అన్న మాటను రెండు నిమిషాలకొకసారి వాడుతున్నారు. నన్ను చూడగానే చిన్నాయన "ఇదిగో, రోజూ రేడియేషన్ మధ్యనే ఉండే పిల్ల. దీన్నే అడగండి" అన్నాడు. నేను ఆయన పక్షమే మాట్లాడతానని ఆయన ధీమా. నేను బతికే ఉన్నాను కాబట్టి.

ఆ రాత్రి అక్కడ చెప్పినవీ, చెప్పబోతే వినకుండా లేచిపోయినవీ, ఇంటికొచ్చాక నాకే తట్టినవీ కలిపి రాస్తున్నాను.

మొదట భయం సంగతి. నా ఛాతీ మీద ఎప్పుడూ ఒక బ్యాడ్జి ఉంటుంది. లోపల సన్నని కార్డు, ఆ కార్డులో మూడు చిన్న బిళ్ళలు. నా మీద పడిన రేడియేషన్‌ను ఆ బిళ్ళలు దాచుకుంటాయి. మూడు నెలలకొకసారి దాన్ని ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ వేడి చేస్తే, దాచుకున్నంత మేరకు వెలుగు చిమ్ముతాయి. ఆ వెలుగే నా లెక్క. మాలాంటి ఉద్యోగులకు అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటి మీద పడిన రేడియేషన్‌కు కొలత), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. మామూలు ప్రజలకు కేంద్రాల వల్ల పడేది ఏడాదికి 1 దాటకూడదు. ఏ కేంద్రమూ లేకపోయినా నేల నుంచి, ఆకాశం నుంచి, మనం పీల్చే గాలి నుంచి మనిషి మీద ఏడాదికి సుమారు 2.4 పడుతూనే ఉంటుందని ప్రపంచ సగటు. కడుపు స్కాన్ తీసే సీటీ యంత్రం ఒక్కసారికే అంతకు మూడు నాలుగు రెట్లు వేస్తుంది. పద్దెనిమిదేళ్ళలో నా బ్యాడ్జి నాకు నిద్ర పట్టనివ్వని అంకె ఒక్కటీ చూపలేదు.

అంచేత మేనత్తకు చెప్పాను. కేంద్రం సక్రమంగా నడుస్తున్నంత కాలం దాని పక్కన ఉన్నందుకు కోడలి కడుపుకు ఏమీ కాదు. కేరళలో కరునాగపల్లి తీరం ఇసుకలో థోరియం ఉంది. అక్కడివాళ్ళ మీద పడే సహజ రేడియేషన్ మన మీద పడేదానికి ఎన్నో రెట్లు. తరతరాలుగా ఉంటున్నారు. వేల మందిని ఏళ్ళ తరబడి గమనించి చూసినా క్యాన్సర్లు ఎక్కువగా కనబడలేదు. ఆడవాళ్ళు గొడ్రాళ్ళవుతారని, ఆవుపాలు విషమవుతాయని ఫోనులో తిరిగే మాటలకు నా దగ్గర జవాబు ఒకటే. ఆ రాసినవాణ్ణి నా బ్యాడ్జి పెట్టుకుని ఏడాది తిరగమనండి.

చిన్నాయన అప్పటికే గెలిచినట్టు తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

ఆగమన్నాను. నా యంత్రానికీ ఆ యంత్రానికీ ఒక తేడా ఉంది. ఆ తేడా తెలియకుండా 'రేడియేషన్ మాకు అలవాటే' అనేవాళ్ళంటే, అది డాక్టరే అన్నా సరే, నాకు ఒళ్ళు మండుతుంది. మా లీనాక్, అంటే నేను పనిచేసే రేడియేషన్ యంత్రం, స్విచ్ ఆపితే ఆగుతుంది. మరుక్షణం గదిలోకి నడిచి వెళ్తాను. కరెంటు పోయినా అంతే, రేడియేషన్ ఉండదు. రియాక్టరు అలా కాదు. దాన్ని ఆపేశాక కూడా లోపలి ఇంధనం కాగుతూనే ఉంటుంది. ఆపిన తొలి క్షణాల్లో పూర్తి వేడిలో ఆరేడు శాతం, ఒక రోజు గడిచాక కూడా సుమారు అర శాతం. పొయ్యిలోంచి కట్టెలు లాగేసినా నిప్పులు మిగిలినట్టు. అర శాతమంటే తక్కువేం కాదు. వెయ్యి మెగావాట్ల కరెంటు ఇచ్చే రియాక్టరులో పుట్టే వేడి మూడు వేల మెగావాట్లు, అందులో అర శాతం పదిహేను మెగావాట్లు. ఆ నిప్పుల మీద నీళ్ళు పోస్తూనే ఉండాలి. రోజుల తరబడి, నెలల తరబడి. జపాన్‌లోని ఫుకుషిమాలో 2011 మార్చి 11న భూకంపం రాగానే రియాక్టర్లు చెప్పినట్టే ఆగిపోయాయి. సునామీ వచ్చి నీళ్ళు తోడే డీజిల్ జనరేటర్లను ముంచింది. ఆగిన పొయ్యే ఇంటిని కాల్చింది.

నీళ్ళు అనగానే మన జిల్లాలో మాట్లాడవలసింది చాలా ఉంది. మన దేశంలో ఇప్పుడు నడుస్తున్న కేంద్రాల్లో కల్పాక్కం, కూడంకుళం, తారాపూర్ సముద్రం ఒడ్డున ఉన్నాయి. మిగిలినవి నదినో రిజర్వాయరునో కాలువనో ఆనుకుని ఉన్నాయి. హర్యానాలో గోరఖ్‌పూర్ దగ్గర కడుతున్న కేంద్రంలో నాలుగు రియాక్టర్లు, ఒక్కొక్కటి 700 మెగావాట్లు. దానికి భాక్రా కాలువ నుంచి కేటాయించిన నీళ్ళు 320 క్యూసెక్కులు. ఏడాది పొడుగునా పారితే ఇది 10 టీఎంసీలు. అదే దామాషాలో లెక్కేస్తే 220 మెగావాట్ల చిన్న రియాక్టరుకు ముప్పావు టీఎంసీ పైన. తిరుపతికి తాగునీళ్ళిచ్చే కల్యాణి డ్యాము నిండితే పట్టేది ఒక టీఎంసీ లోపే. అదైనా నిండితే. స్వర్ణముఖి మాట ఎత్తకపోవడమే మర్యాద. మద్రాసుకు పోతున్న తెలుగుగంగలోంచి మనకు దక్కుతున్న వాటాతో నగరం గొంతు తడుపుకుంటున్నాం. "చిన్న రియాక్టరే కదా" అని చిన్నాయన అన్నప్పుడు నేను అడిగింది ఇదే. ఏ డ్యాము ఇస్తావు?

తీరానికి పోతేనో? 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక మన తిరుపతి జిల్లాకు సముద్రం వచ్చింది. సూళ్ళూరుపేట, తడ, వాకాడు మనవే. కానీ ఆ తీరంలో ఒకవైపు పులికాట్ సరస్సు, మరోవైపు రాకెట్లు ఎగిరే శ్రీహరికోట. దుగరాజపట్నం దగ్గర పెద్ద ఓడరేవు కడతామని 2014 విభజన చట్టంలోనే రాశారు. ఆ పొరుగువాళ్ళ వల్ల కూడా అది ముందుకు కదలలేదు. ఓడలు ఆగడానికే ఒప్పుకోని పొరుగు రియాక్టరుకు ఒప్పుకుంటుందా? శ్రీహరికోట దీవి రాకెట్ల కోసం తీసుకున్నప్పుడు అక్కడి యానాదులను ఎలా కదిలించారో మా సూళ్ళూరుపేట బంధువుల ఇళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది మరో కథ.

నిజానికి నియమాలు చూస్తే మా పల్లె చర్చే అక్కర్లేదు. అణుశక్తి నియంత్రణ బోర్డు 1990లో స్థలాల ఎంపికకు ఒక కోడ్ తెచ్చింది. కేంద్రానికి 10 కిలోమీటర్ల లోపల పదివేల జనాభా దాటిన ఊరు, 30 కిలోమీటర్ల లోపల లక్ష దాటిన పట్టణం ఉండకపోవడం మంచిదని అది చెప్పింది. కంచె లోపల మనుషులు నివసించకూడదు, ఆ కంచె దూరం అప్పట్లో కనీసం ఒకటిన్నర కిలోమీటర్లు, 2014లో సవరించాక కనీసం కిలోమీటరు. 5 కిలోమీటర్ల వరకు కొత్త పరిశ్రమలు, జనాభా పెరగకుండా చూడాలి. 16 కిలోమీటర్ల వరకు ప్రమాదం వస్తే జనాన్ని తరలించే ఏర్పాటు ఉండాలి. తిరుపతి నగర జనాభా 2011 లెక్కల్లోనే 2 లక్షల 87 వేలు. మా ఊరి నుంచి తిరుపతి బస్టాండుకు బస్సులో గంట కూడా పట్టదు. ఆ కోడ్ చెప్పింది పాటిస్తే మా కట్ట కింద రియాక్టరు కట్టడం జరిగే పని కాదు. పంతులుగారికి ఇది చెప్పగానే ఆయన ముఖం వికసించింది.

నాది వికసించలేదు. 2025 బడ్జెట్‌లో 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు అన్నారు. ఇప్పుడున్నది సుమారు 9 వేలు. చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20 వేల కోట్లు పెట్టారు. మన 220 మెగావాట్ల పాత నమూనానే కొంత మార్చి, తక్కువ స్థలంలో, ఉక్కు, అల్యూమినియం ఫ్యాక్టరీల పక్కనే పెట్టుకునేలా చేస్తామన్నారు. తక్కువ స్థలం అంటే ఏమిటి? ఆ కిలోమీటరు కంచె తగ్గుతుందని. యంత్రం నిజంగానే మెరుగుపడి, ప్రమాదం చిన్నదై, అందువల్ల కంచె దగ్గరకు జరిగితే నాకు అభ్యంతరం లేదు. మా గదుల గోడల మందం కూడా లెక్క ప్రకారమే మారుతుంది. కానీ ఫ్యాక్టరీకి స్థలం సరిపోవడం లేదు కాబట్టి కంచె జరిగితే? ఈ రెంటిలో ఏది జరిగిందో పల్లెలో ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది? మా ఆసుపత్రిలో గోడ మందం మార్చాలంటే ఆ లెక్క కాగితం మీద ఉంటుంది, తనిఖీకి వచ్చినవాళ్ళు చూస్తారు, నేనూ చూడవచ్చు. నా చర్చంతా ఆ కాగితం గురించే.

2021 నవంబరు చెప్పాలి.

ఆ నెల పద్దెనిమిదో తారీకు రాత్రి కురిసిన వాన తిరుపతిలో ఉన్న ఎవరూ మరిచిపోరు. వీధులు కాలువలయ్యాయి, కొండ దారులు మూసేశారు, స్వర్ణముఖి ఉన్నదని ఊరికి ఆ రాత్రే గుర్తొచ్చింది. రెండు మూడు రోజుల తరవాత రాయలచెరువు కట్టకు నీళ్ళు కారుతున్నాయన్న వార్త వచ్చింది. కృష్ణదేవరాయల నాటిదని చెప్పుకునే చెరువు. అయిదు వందల ఏళ్ళ మట్టికట్ట. నేను డ్యూటీలో ఉన్నాను. మా అమ్మ ఒక్కతే ఊళ్ళో ఉంది. మైకు కట్టిన జీపు వచ్చి, గండి పడేలా ఉంది, ఉన్నపళంగా ఊరు ఖాళీ చేయండి అని చెప్పి వెళ్ళిందట. ఎక్కడికి వెళ్ళాలో ఒక్కొక్కరికి ఒక్కో మాట వినిపించింది. బడికి అన్నారు, కొండ మీదికి అన్నారు, తిరుపతికి పొండి అన్నారు. ఆటోలు రెండే ఉన్నాయి. అవి ముందు కొన్నవాళ్ళ ఇళ్ళకే పోయాయి.

అమ్మకు మోకాళ్ళ నొప్పి. అది పక్కన పెట్టినా, ఆమె కదలనిది పశువుల కోసం. రెండు ఆవులు, ఒక పెయ్యదూడ. కట్టుతాళ్ళు కోసేసి వదిలేయమని పక్కింటివాళ్ళు అన్నారు. వదిలేస్తే ఎక్కడికి పోతాయో, కట్టేస్తే నీళ్ళలో మునిగి చస్తాయి. ఫోనులో నేను అరుస్తున్నాను. "నువ్వు ముందు బయటికి రా" అంటున్నాను. "నువ్వు వచ్చి వీటిని తోలుకెళ్తావా?" అని ఆమె. చివరికి మా చిన్నాయన, రియాక్టరు కావాలంటున్న ఈ చిన్నాయనే, తన మోపెడ్డు మీద అమ్మను ఎక్కించుకుని, ఆవుల్ని చిన్నపిల్లలతో కొండ పాదానికి తోలించాడు. పెయ్యదూడ ఆ రాత్రి దొరకలేదు. రెండు రోజుల తరవాత చెరకుతోటలో కనబడింది.

గండి పడలేదు. ఇసుక బస్తాలు వేసి, మట్టి పోసి కట్టను నిలబెట్టారు. ఆ పనిచేసిన కూలీలకూ సిబ్బందికీ దండం పెట్టాలి. కానీ ఆ రాత్రి నాకు ఒకటి తెలిసింది. మా ఊరికి చెరువు కట్ట తెగితే ఏం చేయాలో తెలియదు. అయిదు వందల ఏళ్ళుగా ఆ కట్ట కిందే ఉన్నాం. నీళ్ళు కంటికి కనబడతాయి, చప్పుడు చెవికి వినబడుతుంది. అయినా తెలియదు. వాసన, రంగు, చప్పుడు ఏదీ లేని ప్రమాదం వస్తే ఎలా పారిపోతారో నేర్పకుండా 'అంతా భద్రం' అంటే ఎలా నమ్ముతాం?

ఫుకుషిమా గురించి మనకు తెలిసిన సగమే చెబుతారు రెండు పక్షాలవాళ్ళూ. అనుకూలురు, రేడియేషన్ తగిలి అప్పటికప్పుడు చనిపోయినవాళ్ళు ఎవరూ లేరంటారు. నిజమే. వ్యతిరేకులు, లక్షన్నర మంది ఇళ్ళు వదిలారంటారు. అదీ నిజమే. ఇద్దరూ తొందరగా దాటేసే అంకె ఇంకొకటి ఉంది. ఆ రాష్ట్రంలో తరలింపు వల్ల, ఆ తరవాతి అగచాట్ల వల్ల పోయిన ప్రాణాలు రెండు వేలకు పైనే. ఎక్కువ మంది ముసలివాళ్ళు. ఖాళీ చేయవలసిన హద్దు ఒక్క రోజు తిరిగేసరికి 3 కిలోమీటర్ల నుంచి 10కి, 10 నుంచి 20కి పెరిగింది. ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో మంచానికి అతుక్కుని ఉన్నవాళ్ళను బస్సుల్లో గంటల తరబడి తిప్పారు. అణువు చంపనివాళ్ళను బస్సు చంపింది. జపాన్ లాంటి దేశంలో, మాటిమాటికీ భూకంపపు కసరత్తులు చేసే దేశంలో.

ఇక్కడ దానికి తిరుమలను కలపండి. కొండ మీద రోజుకు అరవై డెబ్బై వేల మంది యాత్రికులు. దిగే దారి ఒకటి, ఎక్కే దారి ఒకటి. 2021లో ఆ రెండు దారులూ వాన దెబ్బకు మూతపడ్డాయి. ఆ యాత్రికుల్లో చాలామందికి మన భాష కూడా తెలియదు. జీపు మైకు ఏ భాషలో అరుస్తుంది?

"అయితే నువ్వు వద్దంటావా?" మా తమ్ముడు. వాడి వాదన తీసిపారేసేది కాదు, అందుకే వాడితో రాత్రి పన్నెండు దాకా కూర్చున్నాను. వాడి ఫ్యాక్టరీలో యంత్రాలు రాత్రంతా తిరగాలి. రాయలసీమలో సోలార్ పలకలు వేసినంత మేరా వేశారు, మంచిదే. పొద్దు వాలాక, సరిగ్గా ఇళ్ళల్లో ఏసీలు వేసుకునే వేళకు అవి నిద్రపోతాయి. ఆ వేళకు ఆదుకునేది బొగ్గే. దేశంలో ఇప్పటికీ కరెంటులో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా బొగ్గుదే, అణువుది మూడు శాతం. "కృష్ణపట్నం బూడిద పీల్చేవాళ్ళకు బ్యాడ్జి ఎవరు పెట్టారక్కా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఉత్పత్తి చేసిన ప్రతి యూనిట్ లెక్కన చూస్తే బొగ్గు పొగ తీసే ప్రాణాలతో పోలిస్తే అణు కేంద్రాలు తీసేవి అతి స్వల్పం. చెర్నోబిల్, ఫుకుషిమా కలుపుకున్నా అంతే. పైగా నాకు స్వార్థం కూడా ఉంది. మా లీనాక్ వోల్టేజి ఊగితే మధ్యలో ఆగిపోతుంది. బల్ల మీద పడుకున్న మనిషిని మళ్ళీ మొదటినుంచి సరిచూసి గీతలు కలపాలి. బయట వరుసలో మదనపల్లె నుంచో పలమనేరు నుంచో తెల్లవారుజామున బస్సెక్కి వచ్చినవాళ్ళు ఉంటారు. ఇరవై నాలుగు గంటలూ ఊగని కరెంటు నాకు కావాలి. అణు విద్యుత్తు వద్దని నేను అనను. ఈ మాట పంతులుగారికి నచ్చలేదు. "రేడియేషన్ తిండి తినేవాళ్ళు అంతే" అని లేచిపోయారు. ఆయన దగ్గరే నేను మూడో తరగతి చదివాను, కాబట్టి ఊరుకున్నాను.

తిరుపతి పటం మీద ఒక గీత గీసి చూశాను. మా ఊరికి ఆగ్నేయంగా కల్పాక్కం, 1984 నుంచి కరెంటు ఇస్తున్న రియాక్టర్లు. వాయవ్యంగా కడప జిల్లా తుమ్మలపల్లె, 2012 నుంచి యురేనియం తీస్తున్న గని. కాకి ఎగిరే దూరంలో రెండూ సుమారు 150 కిలోమీటర్లు. గనికీ పొయ్యికీ దాదాపు నట్టనడుమ ఉన్నాం.

కల్పాక్కం వైపు చూస్తే చిన్నాయనకు బలం. 2004 డిసెంబరు 26న సునామీ ఆ కేంద్రం మీదికి వచ్చింది. పంపుహౌసులోకి నీళ్ళు చేరాయి. నడుస్తున్న రియాక్టరు ఆగింది, చల్లబడింది, రేడియేషన్ బయటికి రాలేదు. అక్కడ చనిపోయినవాళ్ళను చంపింది సముద్రమే. తుమ్మలపల్లె వైపు చూస్తే మేనత్తకు బలం. శుద్ధి చేశాక మిగిలే వ్యర్థపు బురదను నిలవచేసే చెరువు కొట్టాల అనే ఊరి పక్కన ఉంది. బోర్లలో నీళ్ళు పాడయ్యాయని, అరటితోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్ళ తరబడి మొరపెట్టుకున్నారు. ఆ చెరువు అడుగున వేయవలసిన పొర సంగతి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా ప్రశ్నించింది. ఒక్కటి గమనించండి. ప్రపంచమంతా భయపడే రియాక్టరు పద్ధతిగా నిలబడింది. ఎవరూ ఫొటో తీయని బురదచెరువు దగ్గర తగాదా తెగలేదు. కాపలా ఎక్కువ ఉన్నచోట భద్రత ఉంది. పల్లెవాడి బోరు దగ్గర కాపలా ఎవరు?

ఇక ఉద్యోగాలు, ధరలు. చిన్నాయనకు మన్నవరం గుర్తు చేశాను. శ్రీకాళహస్తి దగ్గర విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీకి 2010 సెప్టెంబరు 1న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ శంకుస్థాపన చేశారు. ఆరు వేల కోట్లన్నారు. చుట్టుపక్కల భూములకు రెక్కలొచ్చాయి. చెప్పినంత ఫ్యాక్టరీ రాలేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ ఇంకో పాఠం. అక్కడ ఒక్కొక్కటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు అనుకున్నారు. పదేళ్ళు దాటినా పునాది పడలేదు. వస్తుందో రాదో తేలని ఊళ్ళో మనిషి ఇల్లు కట్టుకోలేడు, బోరు వేయలేడు, పిల్లనిచ్చేవాళ్ళకు తన భూమి తనదేనని గట్టిగా చెప్పలేడు. కట్టిన రియాక్టరు నుంచి ఏమొస్తుందో గాని, కట్టని రియాక్టరు నుంచి మాత్రం నష్టం మొదటి రోజు నుంచే వస్తుంది.

నష్టపరిహారం మాట ఒక్క ముక్కలో ముగిస్తాను, ఎందుకంటే దీని గురించి మాట్లాడబోతే అరుగు మీద నుంచి సగం మంది లేచారు. భోపాల్ జ్ఞాపకంతో 2010 అణు నష్టపరిహార చట్టంలో ఒక నిబంధన పెట్టారు. లోపమున్న పరికరం అమ్మినవాడిని కేంద్రం నడిపేవాడు తిరిగి అడగవచ్చని. 2025 డిసెంబరులో పార్లమెంటు చేసిన 'శాంతి' అనే కొత్త అణుశక్తి చట్టం ప్రైవేటు సంస్థలకు తలుపు తెరిచింది. అమ్మినవాడి మీదున్న ఆ పట్టును సడలించింది. నడిపేవాడి బాధ్యతకు పరిమితి ఉంచి, దాన్ని కేంద్రం పరిమాణాన్ని బట్టి మెట్లుగా మార్చింది. అంత భద్రమైన యంత్రమే అయితే అమ్మేవాడికి అంత భయమెందుకు? ఇంజనీరు కాని మా చిన్నాయన కూడా ఇక్కడ ఒక్క క్షణం ఆగాడు. ట్రాక్టరు కొన్నప్పుడు గ్యారంటీ కార్డు చదివినవాడు.

మర్నాడు పొద్దున కుర్రాళ్ళు ఒక తెల్లకాగితం తెచ్చారు. ఎడమ పక్క 'మద్దతు', కుడి పక్క 'వ్యతిరేకం'. సంతకాలు చేసి పంచాయతీలో ఇస్తారట, ఎందుకైనా మంచిదని. ఎడమ వైపు పదకొండు, కుడి వైపు ఇరవై మూడు పడ్డాయి. నా దగ్గరికి తెచ్చారు. నేను వెనక్కి తిప్పాను.

వెనక పక్క ప్రశ్నలు రాశాను. నీళ్ళు ఏ డ్యాము నుంచి, ఎన్ని టీఎంసీలు, కరువు ఏడాది ముందు ఆపేది ఊరి కొళాయా, కేంద్రమా. కంచె ఎంత దూరం, ఆ దూరం ఎలా లెక్కకట్టారో ఆ కాగితం తెలుగులో పంచాయతీ గోడ మీద. కేంద్రంలో ఉద్యోగికి ఉన్నట్టే చుట్టూ ఉన్న ఊళ్ళలో బళ్ళ దగ్గర, బావుల దగ్గర, కొందరు మనుషుల మీద బిళ్ళలు. మూడు నెలలకొకసారి వచ్చే అంకె ఊరికి, ఊరి మాటలో. ఆ బిళ్ళలు చదివేది కేంద్రం నడిపేవాడు కాకూడదు. అన్నిటికన్నా ముందు, ఒక్క ఇటుక పెట్టకముందే, ఒక రాత్రి సైరన్ మోగించి ఊరు ఖాళీ చేయించి చూపించాలి. మంచం పట్టిన ముసలివాళ్ళతో సహా. ఎంతసేపు పట్టిందో రాయాలి. ఇవి చేస్తామంటే నా సంతకం ఎడమ పక్క. మాటిచ్చి చేయకపోతే కుడి పక్క. అంతవరకు రెండు పక్కలా లేదు.

"ఇన్ని అడిగితే ఎవడొస్తాడు?" అని చిన్నాయన విసుక్కున్నాడు. వచ్చేవాడు వీటికి భయపడితే రానక్కర్లేదు. మా ఆసుపత్రిలో యంత్రం పెట్టడానికి ఇంతకన్నా ఎక్కువే అడిగారు, పెట్టారు.

వంటింటి గడప మీద కూర్చుని కందులు చెరుగుతున్న అమ్మ అంతసేపూ వింటోంది. చదవమంది. చదివాను.

"పశువుల సంగతి రాశావా?" అంది.

రాయలేదు. ఫుకుషిమా రాశాను, టీఎంసీలు రాశాను, పెయ్యదూడను మరిచిపోయాను. కాగితం అడుగున చోటు లేక పక్కకు తిప్పి రాశాను. పశువుల్ని ఎవరు తోలుకెళ్తారు, ఎక్కడ కట్టేస్తారు, మేత ఎవరు వేస్తారు.

ఆ కాగితం ఇప్పుడు పంచాయతీ కార్యదర్శి సొరుగులో ఉంది. సందేశం పంపినవాడెవడో ఇంతవరకు తేలలేదు. చిన్నాయన ముందు పక్క 'మద్దతు' కింద తన సంతకం అలాగే ఉంచాడు. వెనక పక్క మాత్రం పశువుల ప్రశ్న దగ్గర పెన్నుతో ఒక టిక్కు పెట్టి ఇచ్చాడు.